పసుపుపచ్చ పలక మీద పెట్టిన బొట్టు

చెప్పేది నేను, రాసేది వేరేవాళ్లు. నాకు సంతకం పెట్టడం, బస్సు మీద నంబరు గుర్తుపట్టడం వరకే వచ్చు. పుస్తకంలో వేసేది కాబట్టి పుస్తకానికి తగ్గట్టు రాసుకుంటామన్నారు, రాసుకోమన్నాను. ఎవరి నోటి మాట మాత్రం వాళ్ల నోట్లో ఎట్లా ఉందో అట్లాగే ఉంచమన్నాను.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనకవైపు సందుల్లో ఒక మూడంతస్తుల ఇల్లుండేది. ఇప్పుడూ ఉంది, రంగు మారింది. పైన కంప్యూటరు కోర్సులకు వచ్చిన మగపిల్లల హాస్టలు. నడిమి అంతస్తులో ఇంటివాళ్లు. కింది భాగం అద్దెకు ఇచ్చారు. ఆ కింది భాగంలో నేను పనిచేశాను. ఊడవడం, తుడవడం, మధ్యాహ్నానికి అన్నం, ఒక కూర, చారు.

నా భర్త పోయి అప్పటికి ఏళ్లయింది. ఆయనున్నప్పుడు ఇద్దరం తోపుడుబండి మీద కూరగాయలు అమ్మాం, యూసుఫ్‌గూడ నుంచి పంజాగుట్ట దాకా. బండి ఆయన తోసేవాడు, అరవడం నా వంతు. గొంతు అప్పుడు పెరిగిందే, మళ్లీ తగ్గలేదు. మామూలుగా మాట్లాడినా తగాదా పెట్టుకున్నట్టే ఉంటుంది. ఆయన పోయాక బండి ఒక్కదాన్నే తోయలేక ఇళ్లల్లో పనికి కుదిరాను.

ఆ సందులో ఏ గోడ చూసినా ఏదో ఒక కోర్సు పేరే. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు చంకలో ఫైలు పెట్టుకుని బోర్డులు చదువుకుంటూ తిరిగేవాళ్లు. మా కింది భాగానికి బోర్డు లేదు. కిటికీలకు నల్ల గుడ్డలు. లోపల అప్పుడప్పుడూ ఎర్ర బల్బు. అది చూసి వాళ్లకు ఇంకా ఆరాటం. లోపల ఏం కోర్సు చెప్తారని నన్ను ఆపి అడిగేవాళ్లు. కోర్సు కాదు నాయనా అంటే నమ్మేవాళ్లు కాదు. అంత గుట్టుగా చెప్తున్నారంటే అమెరికావాళ్ల కోర్సే అయి ఉంటుందని ఒకడు తీర్మానం చేశాడు.

లోపల ఉండేది ఇద్దరే. ఒకరు సారు. పెద్ద సర్కారు సంస్థలో అద్దాల పని, వెలుగుల పని చేసి రిటైరయ్యారు. కోస్తా మనిషి. నుదుట విభూతి, జేబులో చిన్న టార్చిలైటు. రెండోది అమ్మాయి. యూసుఫ్‌గూడలోనే పుట్టి పెరిగింది, చర్చికి పోయే కుటుంబం. పెద్ద చదువు చదివి సారు దగ్గర చేరింది. నన్ను పెద్దమ్మా అనేది.

ఆ అమ్మాయికి ఒక అన్న. సాఫ్ట్‌వేరు ఆఫీసులో ఉద్యోగం. తనతో చదివిన ఆడపిల్లలందరూ మెడలో కార్డులు వేసుకుని ఆఫీసు బస్సులు ఎక్కుతుంటే, తన చెల్లెలు నల్ల గుడ్డలు కట్టిన గదిలో కూర్చుందని అతని బాధ. తన ఆఫీసులోనే ఆమెకు ఉద్యోగం ఖాయం చేయించాడు. దసరా దాటిన సోమవారం చేరాలి. ఆమెకు ఆ ఉద్యోగం వద్దు. కానీ వద్దనడానికి చేతిలో ఏదైనా ఉండాలి కదా. ఒక కంటి డాక్టరు వచ్చి వీళ్లు చేస్తున్నది చూస్తానన్నాడు. ఆయన చూసి పనికొస్తుందంటే పంజాగుట్టలో తన ఆసుపత్రి కింద గది ఇస్తాడు, పని సాగుతుంది. పనికిరాదంటే సారు తాళం వేస్తారు, అమ్మాయి సోమవారం అన్న వెంట పోతుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

వాళ్లు చేస్తున్నది ఏమిటంటే, కోయకుండా లోపలి పొరలు చూసే యంత్రం. మొదట్లో నాకూ అర్థం కాలేదు. ఒకరోజు నేను కూరకు ఉల్లిగడ్డలు తరుగుతుంటే ఆ అమ్మాయి వచ్చి ఒక రెబ్బ అడిగింది. చాకుతో దాని లోపలివైపు నుంచి పల్చటి పొర లాగింది. నీళ్లలో తడిపిన పతంగి కాగితంలాగా ఉంది. దాన్ని గాజు ముక్క మీద పరిచి, ఇనప బల్ల దగ్గరికి తీసుకుపోయింది.

ఆ బల్ల గురించి చెప్పాలి. పైన ఇనప దిమ్మ, నలుగురు మోస్తే గానీ కదలదు. దాని కింద కాళ్లకు బదులు స్కూటరు ట్యూబులు, గాలి కొట్టినవి. రోడ్డు మీద లారీ పోయినా, పైన పిల్లలు దూకినా ఆ అదురు బల్లకు తగలకూడదని సారు చేసిన ఏర్పాటు. బల్ల మీద లేజరు పెట్టె, అద్దాలు, చివరన ఒక చట్రంలో బిగించిన పలక. దాన్ని తప్ప అన్నిటినీ తుడిచేదాన్ని. దాని జోలికి పోవద్దని మొదటి రోజే చెప్పారు.

పలక అంటే గాజు కాదు. పళ్ల సెట్లు చేసేవాళ్లు వాడే మందు ఉంటుందే, ముక్కు పొడిచే వాసన, అందులో ఏదో పసుపుపచ్చ పొడి కలిపి, అచ్చులో పోసి, వెచ్చటి పెట్టెలో రోజుల తరబడి ఉంచితే గట్టిపడుతుంది. నువ్వుల నూనెను గడ్డకట్టిస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. రెండు చపాతీల మందం. ఒక్క బుడగ వచ్చినా పారేసేవాళ్లు. పారేసినవి నేను ఇంటికి తీసుకుపోయి ఎండలో పెట్టి చూసేదాన్ని. అందంగా ఉండేవి, ఇంకెందుకూ పనికిరావు.

దాని మీద వెలుగుతో రాస్తారు. ఒక లేజరు వెలుగునే రెండుగా చీల్చి, రెండు వైపుల నుంచి తెచ్చి పలకలో కలుపుతారు. అవి రెండూ కలిసిన చోట, పలక లోపల, కంటికి కనబడని పొరలు పొరలుగా గీతలు పడతాయట. హోలోగ్రాము అంటారు. మందుల డబ్బాల మీద మెరిసే బొమ్మ ఉంటుంది చూడండి, దాని పేరూ అదే. కానీ అది పైపైన ఉండేది. ఇది పలక మందమంతా, లోపలికి.

"ఖారీ బిస్కట్ చూసినవ్ కదా పెద్దమ్మా, లోపట పొరలు ఎట్లుంటయి, గట్లనే," అంది ఆ అమ్మాయి. "నేను రెండు తీర్ల పొరలు రాసిన. ఒక తీరుది ఉల్లిపొర పైభాగంకెల్లి వచ్చే వెలుగునే గుర్తుపట్టి పక్కకు మళ్లిస్తది. ఇంకో తీరుది కింది లోతుకెల్లి వచ్చేదాన్నే మళ్లిస్తది. మిగిలిన వెలుగంతా సీదా పోతది, మనకు అక్కర లేదు."

కంప్యూటరు తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన వచ్చాయి. ఎడమవైపు ఇటుకలు పేర్చినట్టు గళ్లు. కుడివైపు కూడా గళ్లే, కానీ వాటి అమరిక వేరు. ఎడమది పైపొర, కుడిది దాని కిందిది. మామూలు మైక్రోస్కోపయితే ముందు పైన చూసి, తర్వాత మర తిప్పి కింద చూడాలి. ఇందులో ఏ మరా తిప్పే పని లేదు, రెండు లోతులూ ఒక్క చూపులో. ఉల్లిగడ్డ కోయడమే ఎరుగుదును గానీ దాన్లో ఇంత కట్టడం ఉందని నాకేం తెలుసు. నిజం చెప్పాలంటే నాకు ఆ బొమ్మకన్నా అది చూసేటప్పుడు ఆ అమ్మాయి ముఖమే గుర్తుంది. ఈ పిల్ల సోమవారం ఆఫీసుకు పోదు అనుకున్నాను.

అప్పటి బొమ్మలు మసకగా ఉండేవి. డాక్టరుకు చూపించడానికి మంచి పలక కావాలి. ఆ మంచి పలక రాయడమే కష్టమైంది. రాసేటప్పుడు వెలుగు పడినంతసేపూ ఏదీ కదలకూడదు. వెంట్రుకలో వందో వంతు కదిలినా లోపల గీతలు పడవట, అలికేసినట్టవుతుంది. ఫ్యాన్లు ఆపాలి. మనిషి నడవకూడదు. అప్పుడింకా విమానాలు బేగంపేటలోనే దిగేవి; అవి మా ఇంటి మీద నుంచి పోతుంటే గిన్నెలు మోగేవి. రాసే గదిలో ఎర్ర బల్బు మాత్రమే వెలిగేది, ఎరుపు ఆ పలకకు ఆనదు కాబట్టి.

విమానాలకు వేళలున్నాయి, సారు కనుక్కున్నారు. హాస్టలు పిల్లలు మధ్యాహ్నాలు క్లాసులకు పోతారు. మిగిలింది ఇంటావిడ గ్రైండరు. హాస్టలు పిల్లలకు ఇడ్లీలు ఆవిడే పెట్టేది. మరునాటి పిండి మధ్యాహ్నమే రుబ్బాలి, లేకపోతే పులవదు. ఆ రాయి తిరిగితే కింద మా గోడకు చెయ్యి ఆనిస్తే తెలిసేది. దానివల్ల రెండు పలకలు పోయాయి.

గ్రైండరు ఆపమని చెప్పే పని నాకు పడింది. పైకి పోకూడదు. ఆవిడ కోస్తావైపు నుంచి వచ్చిన మనిషి, పద్ధతులెక్కువ. పని మొదలుపెట్టేటప్పుడు నేను ఎదురుపడితే మళ్లీ లోపలికి పోయి కాసేపు కూర్చుని వచ్చేది. తిట్టేది కాదు. అందుకని నేను మెట్ల దగ్గరే నిలబడి కేక వేసేదాన్ని.

"అమ్మా, గ్రైండర్ బంద్ చెయ్యండి. లోపట పని షురూ అయితుంది."

"ఏంటమ్మా ఆ అరుపు? చప్పుడు చెయ్యొద్దని చెప్పడానికి ఇంత చప్పుడా?" అనేది పై నుంచి. రోజూ ఇదే మాట, రోజూ తనే నవ్వుకునేది. కానీ ఆపేది. ఆపి, వంటింటి గట్టు మీద కూర్చుని మళ్లీ నా కేక కోసం చూసేది. అట్లా ఆవిడ ఆపిన ఒక మధ్యాహ్నమే మంచి పలక తయారైంది. ఒకసారి రాసి, పలకను రవ్వంత తిప్పి, రెండోసారి రాశారు. ఆ తర్వాత దాన్ని మామూలు వెలుగులో ఉంచి, ఇంక మారకుండా చేశారు. చట్రంలో బిగించి, సరిగ్గా కుదరడానికి ఎన్నోసార్లు మరలు తిప్పి, ఒకచోట బొమ్మలు రెండూ గాజు కడిగినట్టు వచ్చాయి. అక్కడ ఆపేసి ఆ మరల మీద మైనం వేసింది అమ్మాయి. పలక ఇటు ఒక రవ్వ, అటు ఒక రవ్వ జరిగినా బొమ్మ మాయమవుతుంది, మళ్లీ మొదటి నుంచి కుదుర్చుకోవాలి.

డాక్టరు ఆయుధపూజ రోజు సాయంత్రం వస్తానన్నాడు. ఆసుపత్రికి ఆ రోజు సెలవు. అన్న కూడా ఆ సాయంత్రమే వచ్చి చెల్లెలిని తీసుకుపోతానన్నాడు, ఎటైనా తేలిపోవాలి కదా అని.

సారు ఎన్నేళ్లు సైన్సు చదివినా ఆయుధపూజ మానేవారు కాదు. పనిముట్టుకు పూజ చేయకపోతే ఎట్లా అనేవారు. ప్రతి ఏడూ ఆయన భార్య వచ్చి బొట్లు పెట్టేదట. ఆ ఏడు ఆమెకు మోకాళ్లు వాచి రాలేకపోయింది. ముత్తైదువ చేత్తో జరగాలి కాబట్టి ఇంటావిడను అడిగారు. ఆవిడ సంతోషంగా పట్టుచీర కట్టుకుని, పళ్లెంలో పసుపు, గంధం, కుంకుమ, బంతిపూలు పెట్టుకుని దిగింది. అమ్మాయి ముందే సారుతో చెప్పి ఉంచింది, బల్లకూ లేజరు పెట్టెకూ బయటివైపు పెట్టుకోండి, అద్దాల వైపు వద్దు అని. సారు ఆ మాటే ఇంటావిడకు చెప్పారు. చెప్పి, కళ్లు మూసుకుని స్తోత్రం అందుకున్నారు.

అమ్మాయికి పూజలు లేవు. మర్యాదగా వెనక గదిలోకి పోయి సాయంత్రానికి ఉల్లిపొరలు సిద్ధం చేసుకుంటోంది. నన్ను ఇంటావిడ, "నువ్వు కాస్త అవతల ఉండమ్మా, హారతి అయ్యాక వద్దువుగాని," అంది. మెల్లగానే అంది. భర్త పోయినవాళ్లకిది మామూలే. నేను గడప బయట, చెప్పులు విడిచే చోట నిలబడ్డాను. అక్కడి నుంచి బల్ల అంతా కనబడుతుంది.

ఆవిడ శ్రద్ధగా పెట్టుకుంటూ పోయింది. బల్ల నాలుగు మూలలకూ పెట్టింది. లేజరు పెట్టెకు పెట్టింది. కంప్యూటరుకు, స్టెబిలైజరుకు, ఫ్యాను స్విచ్చికి కూడా పెట్టింది. పెట్టి, వెనక్కి తగ్గి చూసుకుంది. అన్నిటిలోకీ మెరిసేది ఆ పసుపుపచ్చ పలకే. దేవుడి పటంలాగా చట్రంలో ఉంది. దానికి మాత్రం బొట్టు లేదు. ఆవిడ ఉంగరపు వేలు గంధంలో ముంచింది.

"అమ్మా, గా పలకకు వద్దు," అన్నాను నేను.

ఆవిడ వెనక్కి తిరగలేదు. "శుభమా అని పూజ చేస్తుంటే వెనకనుంచి వద్దనకూడదమ్మా," అంది. అంటూనే పలక నడిమధ్యలో గంధం అద్ది, దాని మీద కుంకుమ పెట్టింది. చక్కగా, గుండ్రంగా పెట్టింది. సారు స్తోత్రం ఆగలేదు. నేను గడప దాటి రెండడుగులు లోపలికి వచ్చాను, కానీ అప్పటికే అయిపోయింది.

అమ్మాయి ఉల్లిపొరల పళ్లెంతో వచ్చింది, నా గొంతు విని. పలకను చూసి అక్కడే ఆగింది. సారు కళ్లు తెరిచి, ఆమె చూపు ఎటుందో చూసి, జేబులోంచి రుమాలు లాగారు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ సారు ఎదురుగా కుర్చీలో కూడా కూర్చునేది కాదు.

"ముట్టకండి సార్."

గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. స్పిరిటు పెడితే ఆ పలక పగుళ్లు బారుతుంది. నీళ్లతో కడగాలంటే చట్రంలోంచి తీయాలి. తీస్తే కుదురు పోతుంది, మళ్లీ కుదర్చడం సాయంత్రానికి అయ్యే పని కాదు. ఇవన్నీ వాళ్లిద్దరూ మాటల్లో పెట్టి అనుకోలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, అంతే. తర్వాత ఆమె నాకు చెప్తే తెలిసింది.

"బొట్టేగా పెట్టాను. ఏమైందిప్పుడు?" అంది ఇంటావిడ. హారతి మాత్రం ఇచ్చేసింది, ఆపకూడదు కాబట్టి. తలుపు దగ్గర కొబ్బరికాయ కొట్టారు. నాకూ ఒక చెక్క ఇచ్చారు.

ఆవిడ పైకి పోయాక అమ్మాయి, గదిలో దీపాలు ఆపి, లేజరు వేసి, ఉల్లిపొర పెట్టి చూసింది. తెర మీద పాలు ఒలికినట్టు తెల్లటి మబ్బు. దాని వెనక గళ్లున్నాయేమో అనిపిస్తుంది, కనబడవు. సారు కుర్చీలో కూలబడ్డారు. తప్పు నాది, కళ్లు మూసుకున్నాను అని ఇంగ్లీషులోనూ తెలుగులోనూ అన్నారు. డాక్టరుకు ఫోన్ చేసి ఇంకో రోజు రమ్మంటానన్నారు. ఆ ఇంకో రోజు సోమవారానికి ఈవతల లేదని ముగ్గురికీ తెలుసు.

"చాయ్ పెడతవా పెద్దమ్మా?" అంది ఆమె.

పెట్టాను. ఆమె తాగలేదు. గ్లాసు చేత్తో పట్టుకుని పలకనే చూస్తూ కూర్చుంది. గంధం ఆరుతుంటే అంచుల్లో తెల్లబడుతోంది. చాలాసేపటికి, నాతో కాదు, సారుతోనూ కాదు, గ్లాసుతో చెప్తున్నట్టు అంది.

"మనం రాసింది లోపట. పైన గాదు."

సారు తలెత్తారు.

"బొట్టు ఉన్నకాడ వెలుగు ఆగుతది, చెదురుతది. ఆ చెదిరిందే మబ్బు. కానీ మనం రాసింది అంత జాగనే కాదు కద సార్. రూపాయి బిళ్ల అంత రాసినం. బొట్టు దాంట్ల సగం లేదు. దాని చుట్టు లోపట పొరలన్నీ ఉన్నయి."

"చెదిరే వెలుగును ముందే ఆపేస్తే..." అన్నారు సారు.

"బొట్టుకు బొట్టు పెడదాం," అంది ఆమె.

ఎక్స్‌రే ఫిల్ములు చుట్టి వచ్చే నల్ల కాగితం వాళ్ల దగ్గర ఉండేది. అందులో ఆమె బొట్టుకన్నా కొంచెం పెద్దగా ఒక బిళ్ల కత్తిరించింది. దాన్ని పల్చటి గాజు ముక్క మీద అంటించి, పలకకు తగలకుండా దాని ముందు నిలబెట్టింది. ఆ నల్ల బిళ్ల నీడ సరిగ్గా కుంకుమ మీద పడాలి. కొంచెం అటు, కొంచెం ఇటు జరుపుతూ ఆమె, తెర చూస్తూ సారు. ఈ లోపల పైన గ్రైండరు మొదలైంది. నేను మెట్ల దగ్గరికి పోయాను. నేను నోరు తెరవకముందే ఆగిపోయింది. ఇంటావిడే ఆపి మెట్ల మీదికి వచ్చింది, పట్టుచీర ఇంకా మార్చలేదు.

"పాడైపోయిందా?" అని అడిగింది.

"తెల్వదమ్మా. చూస్తున్నరు."

"తుడిచేస్తారా ఏంటి? పెట్టిన బొట్టు చెరపకూడదు."

"చెరపరట."

ఆ మాటతో ఆవిడ కొంచెం కుదుటపడింది. పైట సర్దుకుని, "నువ్వు ముందే కాస్త గట్టిగా చెప్పొచ్చుగా," అంది. నా గొంతు ఇంకా గట్టిగా ఉండాల్సిందని ఆ ఇంట్లో అన్నది ఆవిడ ఒక్కతే.

లోపలికి వచ్చేసరికి తెర మీద గళ్లున్నాయి. ముందున్నంత వెలుగు లేదు. సాయంత్రం పూట దీపం పెట్టకముందు ఇల్లు ఎట్లా ఉంటుందో అట్లా. కానీ మబ్బు పోయింది. ఎడమ ఎడమే, కుడి కుడే.

డాక్టరు చెప్పిన వేళకే వచ్చాడు. పొట్టి మనిషి, మాట తక్కువ. వస్తూనే పలకను చూసి, ఇదేమిటని అడిగాడు. ఆయుధపూజ అండి, అన్నారు సారు.

"మా థియేటర్లో పొద్దున కత్తెరలకు కూడా పెట్టారు," అన్నాడు డాక్టరు. "వాటినైతే ఉడకబెట్టుకుంటాం."

అంతే, ఇంక ఆ సంగతి ఎత్తలేదు. స్టూలు మీద కూర్చుని తెర చూశాడు. ఉల్లిపొరను కొంచెం కిందికి దించమన్నాడు. దించగానే ఎడమ బొమ్మ చీకటైంది, కుడివైపు ఇంతకుముందు ఎడమ కనబడిన గళ్లు వచ్చాయి. మళ్లీ పైకి ఎత్తమన్నాడు. మళ్లీ దించమన్నాడు. ఇట్లా ఎంతసేపు చేయించాడో. మోసం ఏమైనా ఉందేమో చూస్తున్నాడని నాకర్థమైంది. బండి దగ్గర కాయను అటు తిప్పి ఇటు తిప్పి నొక్కి చూసేవాళ్లను నేను చాలామందిని చూశాను. అంతసేపు చూసేవాడు కొంటాడు, కొనని మనిషి అంతసేపు ఆగడు.

"కన్ను ఉల్లిపాయ కాదు," అన్నాడు చివరికి. "అది కదులుతుంది. నీళ్లు కారుస్తుంది. మనిషి భయపడతాడు."

"తెలుసు సార్," అంది అమ్మాయి. "అందుకే రెండు లోతులు ఒక్కసారే తీయాలె. మర తిప్పేలోపు కన్ను కదులుతది. దీంట్ల తిప్పుడు లేదు."

ఆయన ఆమెను మొదటిసారి సరిగ్గా చూశాడు. ఇంకా ఎక్కువ లోతులు ఒకేసారి కుదురుతాయా అని అడిగాడు. పలక మందం పెంచితే ఇంకా రాయొచ్చని, కానీ ఒక్కో బొమ్మకు వెలుగు తగ్గుతుందని చెప్పింది. తగ్గుతుందని ఒప్పుకోవడం ఆయనకు నచ్చినట్టుంది. లేచి నిలబడి, గది కింద ఉంది, చుట్టుపక్కల అదిరే యంత్రాలేవీ లేవు, వచ్చి చూసుకోండి అని సారుతో అన్నాడు. గుమ్మం దాకా పోయి, బొట్టు లేని పలక ఇంకొకటి చేయండి అని కూడా అన్నాడు.

ఇంటావిడ మెట్ల మీద నుంచి పులిహోర పంపించింది. డాక్టరు నిలబడే తిన్నాడు.

ఆయన బండి పోయాక అన్న వచ్చాడు. గేటు దగ్గర మోటారుసైకిల్ ఆపి, హెల్మెట్ చేతిలో పట్టుకుని లోపలికి వచ్చాడు. సారును చూసి నమస్కారం పెట్టాడు. కోపంగా లేడు. అలసిపోయి ఉన్నాడు. ఉద్యోగం ఖాయం చేయించడానికి ఎంతమంది చుట్టూ తిరిగాడో ఎవరికి తెలుసు.

"ఏమైంది?" అన్నాడు.

"రూం ఇస్తా అన్నడు."

"జీతం?"

"ఇంకా అడగలే."

అతను తెర దగ్గరికి పోయి వంగి చూశాడు. చాలాసేపు చూసి, "ఇది ఉల్లిగడ్డ కదా," అన్నాడు.

"అవునన్నా."

"ఉల్లిగడ్డ కోసం ఆఫీసుకు రాను అంటున్నవ్ నువ్వు."

అతను అటూ ఇటూ చూసి, ఉల్లిపొర ఉన్న గాజు ముక్కను ఆమెను అడిగి తీయించి, ఆ చోట తన వేలు పెట్టాడు. తెర మీద ఏదో తెల్లగా అలికినట్టు వచ్చింది, దాన్లో ఏ ఆకారమూ లేదు.

"ఏం కనబడ్తలే."

"ఇది ఉల్లిపొర లోతులకు రాసిన పలక. వేలు చూడాలంటే దాని లోతులకు వేరే పలక రాయాలె."

అతను వేలు తీయలేదు. తెర వంకే చూస్తున్నాడు, కాసేపుంటే ఏమైనా తేలుతుందేమో అన్నట్టు. నేను చీపురు పట్టుకుని తలుపు దగ్గరే ఉన్నాను. కొబ్బరి చిప్పల ముక్కలు ఎత్తాల్సి ఉంది, కానీ అడుగు వేయబుద్ధి కాలేదు.

"రాస్తే ఎన్ని దినాలు పడతది?" అన్నాడు అన్న.

ఆమె ముందు పలక పోయాలని, అది గట్టిపడాలని, బుడగ రాకపోతే, కరెంటు పోకపోతే అని చెప్పుకుంటూ పోయింది. అతను అంతా విన్నాడు. వేలు తీసి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"సోమవారం నేనే చెప్త వాళ్లకు," అన్నాడు.

"ఏమని?"

"ఏదో ఒకటి చెప్త తియ్. నువ్వు ఆ జీతం సంగతి అడుగు ముందు."

హెల్మెట్ పెట్టుకుని బయటికి పోయాడు. ఆమె గేటు దాకా వెళ్లలేదు. వెనక గదిలోకి పోయి, మందు సీసా మూత తీసింది. ఆ పళ్ల సెట్ల వాసన వచ్చేసింది ఇల్లంతా. నేను కిటికీ తలుపులు తీశాను.